పదకొండు చీటీలూ యాదగిరి చీటీ

నా తెలివితేటలతో ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిన కథ ఇది. నవ్వొస్తే నవ్వండి. యాదగిరి బతికే ఉన్నాడు కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుమీదున్న రోజులు. తెనాలి నుంచి వచ్చి, అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ మైత్రీవనంలో టెస్టింగ్ కోర్సు నేర్చుకుంటున్నాను. అక్కడ నోట్సు, ఇంటర్వ్యూ ప్రశ్నలు, చివరికి పక్కవాడి రెజ్యూమె కూడా జిరాక్సే. ఆ వానాకాలం హాస్టలంతా జ్వరాలు. అందరం పంజాగుట్టలో ఒకే డాక్టరుగారి దగ్గరికి వెళ్లేవాళ్లం. గంటసేపు కూర్చోబెట్టి, రెండు నిమిషాల్లో పంపేసేవారు.

ఒకరోజు నాకు బుద్ధి పుట్టింది. పన్నెండు మందికి ఆయన రాసిన మందుల చీటీలూ మంచం మీద పరిచి పరీక్షించాను. పదకొండింటిలో అవే నాలుగు మందులు, అదే వరస! నా రూమ్మేటు యాదగిరి చీటీలో మాత్రం యాంటీబయాటిక్ వేరే. డాక్టరుగారు పొరపాటు పడ్డారని తేల్చేశాను. రెండు వారాల టెస్టింగ్ క్లాసులు విన్నవాడికి ఆపాటి అధికారం లేదా, మీరే చెప్పండి!

నా చీటీకి జిరాక్సులు తీయించి, జ్వరమొచ్చిన ప్రతివాడికీ పంచాను. మందుల షాపువాడు పేరైనా చూడకుండా మందులిచ్చేవాడు. అందరికీ తగ్గింది. నన్ను 'డాక్టర్ సాబ్' అంటుంటే పొంగిపోయాను.

ఇంతలో యాదగిరికి మళ్లీ జ్వరం. మర్నాడే ఇంటర్వ్యూ. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి ఏడాదిగా తిరుగుతున్నవాడికి అందిన మొదటి పిలుపు అది.

"అన్న, నా పాత చీటీ ఏడ వెట్టినవ్?"

"అది తప్పురా. ఇది వేసుకో."

"నాకు డాక్టర్ వేరే రాసిండు గదనే."

"పదకొండు మందికి ఒకటి, నీకొక్కడికీ ఇంకోటా? మెజారిటీ ఎటుందో చూడు!"

"నువ్వు జెప్తే గంతే అన్న," అని మింగేశాడు. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

అరగంట గడవలేదు. పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు. "అన్న, దమ్ము ఆడుతలేదు," అన్నాడు. ఆటోలో పడేసి, "జర జల్దీ భాయ్!" అని డ్రైవర్ మీద అరుస్తూ, బల్కంపేట ఎల్లమ్మకు దారి పొడుగునా మొక్కుకున్నాను.

పంజాగుట్ట డాక్టరుగారే ఇంజెక్షన్లు చేసి, ఆక్సిజన్ పెట్టారు. వాడి ఊపిరి కుదుటపడ్డాకే నావైపు తిరిగారు.

"ఈ మందు ఎవరు రాశారు?"

"మీరే సార్," అని జిరాక్సు చూపించాను.

"ఇందులో ఉన్నది నీ పేరు. ఇతనికి ఆ మందు పడదు. చిన్నప్పుడూ ఇలాగే అయిందని, అడిగితే చెప్పాడు. అందుకే మార్చి రాశాను. నిన్నూ అడిగాను, ఏ మందైనా పడదా అని. గుర్తుందా?"

"గుర్తుంది సార్."

"నేను రాసింది జిరాక్స్ తీశావు. నేను అడిగింది ఏ మెషీన్‌లో తీస్తావు నాయనా?"



యాదగిరి ఇంటర్వ్యూ పోయింది. "ఫికర్ జెయ్యకన్న, ఇంకోటొస్తది," అని నన్నే ఓదార్చాడు. ఆ ఇంకోటి రావడానికి ఐదు నెలలు పట్టింది. అన్నాళ్లూ వాడి ఎదురుగా కూర్చుని తింటుంటే నాకు ముద్ద దిగేది కాదు.

అందుకే సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరికీ ఏ మందూ చెప్పను, అడగకుండా ఏదీ ఇవ్వను. మొన్న ఇంటికొచ్చిన చుట్టం దాహమంటే, చెంబు చేతికివ్వబోతూ ఆగి అడిగాను:

"మీకు మంచినీళ్లు పడతాయా అండీ?"