కుడి బుగ్గ, ఎడమ బుగ్గ

మా అవ్వ, అంటే అమ్మ, నస్పూర్‌లో ఉండే తన చెల్లెలితో రోజూ గంటకు తక్కువ కాకుండా ఫోన్లో మాట్లాడుతుంది, ఎప్పుడూ కుడి చెవికే ఆనించి. "గా రేడియేషన్‌కు నీ బుగ్గల కణాలు మాడిపోతయి" అని బాపు బెదిరించేవాడు. నేను హుజూరాబాద్‌లో పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను కనుక, తీర్పు చెప్పమని ఒక శనివారం ఇద్దరూ మా బడి ల్యాబుకే వచ్చారు.

"ఉత్తమాటలు వద్దు బిడ్డా, కండ్లకు చూపియ్యి" అని అవ్వ నోరు తెరిచింది.

నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఫోన్‌తో హాని ఉందో లేదో శాస్త్రవేత్తలే ఇంకా పరిశోధిస్తున్నారని, అది మా బడి మైక్రోస్కోపుకు దొరికే సంగతి కాదని చెప్పాను. వింటేగా! అవ్వ రెండు బుగ్గల లోపలా పుల్లతో మెల్లగా గీకి, వేర్వేరు గాజు పలకల మీద పూసి, కణాల నడుమ కేంద్రకం కనబడేలా నీలిరంగు చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను.

అవ్వ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"గివన్నీ నేనేనా? నడుమ బొట్టు పెట్టుకున్నట్టు ఎంత ముద్దుగున్నయే!"

బాపు రెండు పలకలూ మార్చి మార్చి చూశాడు. తేడా దొరక్క, మైక్రోస్కోపే మంచిది కాదన్నాడు.

స్పీకర్ పెట్టుకుంటే ఫోన్ దూరంగా ఉంటుంది కదా అన్నాను.

"మా ముచ్చట ఊరందరు వినాల్నా?" అంటూ అవ్వ అక్కడే చెల్లెలికి ఫోన్ కలిపింది. ఈసారి ఎడమ చెవికి పెట్టుకుంది.

"ఇన్నొద్దులు కుడి బుగ్గనే కష్టపడ్డది. ఇగ దీన్ని గూడ జర పని చెయ్యనియ్యి."