మైకు ముందు గుండు

ఎనభైల చివర్లో ఒమాన్‌లోని సహంలో, మా కంపెనీ రూమ్‌లో ఒక గాయకుడుండేవాడు. జగిత్యాల వైపు మనిషి. పగలు ఏసీ డక్టుల పని, డ్యూటీ దిగితే పాట. మెస్సు టీవీలో ఓ ఇంగ్లీషు గాయకుణ్ణి చూసినప్పటినుంచి వాడికి పూనకమే. నిక్కబొడుచుకున్న జుట్టు, కళ్లకు కాటుక, మెరిసే కోటు, మీసం లేని మూతి! మనవాడు డక్టులకు చుట్టే వెండి టేపు చొక్కా భుజాలకు అంటించి, పక్క మంచం కడప సాయిబు సుర్మా పెట్టుకుని, గరిటె మైకులా పట్టుకుని మా చెవులు చిల్లులు పడేలా పాడేవాడు.

ఓసారి కంపెనీ పార్టీలో పాడే అవకాశం వచ్చింది. స్టేజీ, లైట్లు, అసలైన మైకు. వాడికి తిండి సహించలేదు.

"అన్నా, గా మైకు ముంగట ఒక్కపాలి నిలవడ్తె సాలు నాకు," అనేవాడు.

ఆ రోజు పొద్దున్నే మీసం తీసేశాడు. జుట్టు నిలబెట్టడానికి నూనె, సబ్బు పనిచేయకపోతే డక్టులకు వాడే గమ్ము పూశాడు. జుట్టు భేషుగ్గా నిలబడింది. మరి కిందికి దిగలేదు, కదల్లేదు. ఎంత కడిగినా గమ్ము వదలకపోయేసరికి గుండు కొట్టించక తప్పలేదు.

గుండు, మీసం లేని మూతి. తిరుపతి దగ్గర్లో లేని ఊళ్లో మనవాళ్లకు దానికి ఒకటే అర్థం. మా నిజామాబాద్ ఫోర్‌మన్ హాల్లో వాణ్ణి చూసి గుండె బాదుకున్నాడు.

"అయ్యో, బాపు పోయిండా బిడ్డా! గిసుంటప్పుడు పాటేందిరా? కూసో."

"మా బాపు సల్లగున్నడు సార్! జుట్టుకు గమ్ము అంటింది!"

"దుఃఖంల ఏదో మాట్లాడుతున్నవ్. కూసో."

పాట రద్దయింది. వచ్చినవాడల్లా వాడి భుజం తట్టి ఓదార్చాడు. నాకు నవ్వాగలేదు. కానీ వాడి కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగి సుర్మా చెంపల మీదికి కారుతుంటే నా జేబురుమాలు తీసి వాడి చేతిలో పెట్టాను. ఆ నీళ్లు చూసి ఓదార్చేవాళ్లు ఇంకా పెరిగారు.

వాడిక ఆగలేదు. ఒక్క ఉదుటున స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాడు.

"మా బాపు మంచిగున్నడు! పాడనియ్యకుంటె నేనే సచ్చిపోత!"

పాట ఎత్తుకున్నాడు. తెలుగు మాటలు, ఇంగ్లీషు గెంతులు. తెలుగు ముక్క రానివాళ్లు కూడా కుర్చీలెక్కి ఊగారు. ఫోర్‌మన్ నోరు తెరిచి చూసి, తర్వాత అందరికంటే గట్టిగా ఈల వేశాడు. మా ఒమానీ యజమాని, గుండు కూడా వేషమే అనుకున్నాడు కాబోలు, పాట అవగానే లేచి నిలబడ్డాడు.

"ఏక్ ఔర్!"

పాడమని వాణ్ణి ఒకరు అడగడం అదే మొదటిసారి. మైకు రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.