చెవుల్లో దూది

మా ఆయన తీసిన సినిమాల్లో నేను చావనిది ఒక్కటీ లేదు. ఒకదాంట్లో కళ్లంలో ఆరబోసిన మిరపకాయల కింద చచ్చాను. ఒకదాంట్లో మాచర్ల వైపు ఎవరో వదిలేసిన రాతిక్వారీలో, నెత్తిన సీలింగ్ ఫ్యాను పెట్టుకుని నడిచి నడిచి చచ్చాను. ఇంకొకదాంట్లో బస్సు నిండా మేకలే. కండక్టరు వాటికి టికెట్లు కొట్టుకుంటూ వచ్చి నా సీటు దగ్గర ఆగుతాడు. అప్పటికే నేను కిటికీకి తల ఆనించి పోయి ఉంటాను. ఇదంతా ఏమిటని అడిగితే ఆయన నవ్వేవాడు. "కలకి అర్థమేందే" అనేవాడు.

ఆయన నరసరావుపేటలో పెళ్లి వీడియోలు తీసేవాడు. ముహూర్తాలున్నప్పుడు పెళ్లిళ్లు, మూఢం వస్తే ఈ సినిమాలు. పెళ్లి క్యాసెట్లలో చివర మిగిలిన టేపు మీదే తీసేవాడు కాబట్టి కొన్నింటి మొదట్లో ఎవరింటివో అప్పగింతలు కనబడతాయి. పెళ్లికూతురు ఏడుస్తూ కారెక్కుతుంది, ఆ వెంటనే నేను చస్తాను. మా వీధిలో వాళ్లు దీన్ని పెద్ద వేడుక చేసుకున్నారు. మూఢం వచ్చిందంటే అక్కకి మూడినట్టే అని కుళాయి దగ్గర ఆటపట్టించేవాళ్లు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని.

లోపల మాత్రం నవ్వు ఉండేది కాదు. మొదటి సినిమా తీసింది నాకు గర్భసంచి తీసేసిన ఏడాది. ఇక పిల్లలు పుట్టరని తేలిపోయిన ఏడాది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చి సరిగ్గా నడవనన్నా నడవకముందే నన్ను పెరట్లో మంచం మీద శవంలా పడుకోబెట్టి కెమెరా పెట్టాడు. ఆయన నన్ను పల్లెత్తు మాట అన్న మనిషి కాదు. అందుకే అనుమానం ఇంకా గట్టిపడింది. ఇది పోతే బాగుండునని నోటితో అనలేక ఇట్లా తీసి చూసుకుంటున్నాడేమో అనుకున్నాను. అడగడానికి భయం. అవునంటే ఏం చేయను? అడగకుండానే కాపురం గడిచిపోయింది.

రెండేళ్ల కింద ఆయన గుండెపోటుతో పోయాడు. నాకు ఏడుపు రాలేదు. షాకులో ఉంది, రెండు రోజులు పోతే అదే వస్తుందిలే అన్నారు. రాలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు కదా, నాకు మనిషి మొత్తం అట్లా అయింది. వంట చేసుకున్నాను, మిషను మీద జాకెట్లు కుట్టాను, పెద్దకర్మనాడు అందరికీ నేనే వడ్డించాను.

ఈమధ్య కాలేజీ పిల్లలు కొందరు వచ్చారు. ఆయన సినిమా ముక్క ఒకటి ఫోన్లో చూశారట. అటక మీది క్యాసెట్లు తీసుకెళ్లి ఫైళ్లు చేయించి, సెమినార్ హాల్లో అన్నీ వేస్తామన్నారు. బ్యానర్ మీద రెట్రోస్పెక్టివ్ అని రాసి ఉంది. అంటే ఏమిటని అడిగితే, పోయిన మనిషి పనంతా ఒకచోట పెట్టి మళ్లీ చూసుకోవడం అని ఒకమ్మాయి ఓపిగ్గా చెప్పింది. సంవత్సరీకం అన్నమాట, భోజనాలు కూడా పెడుతున్నారా అన్నాను. పెడుతున్నామంది.

ముందు వరసలో కూర్చుని పొద్దుటి నుంచి వరసగా చచ్చాను. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. మేకల బస్సుకి చప్పట్లు కొట్టారు. మధ్యలో ఆ అమ్మాయే మైకు తీసుకుని, ప్రతి సినిమాలోనూ ఆడమనిషి చనిపోవడం మీకు బాధనిపించలేదా అని అడిగింది. మంచి ప్రశ్నే. నేను ఇన్నేళ్లూ మింగిన ప్రశ్నే. మిరపకాయల ఘాటుకి మాత్రం చానా బాధపడ్డానమ్మా అన్నాను. అందరూ నవ్వారు, గండం గడిచింది.

చివర్లో మొదటి సినిమా వేశారు. అది ఎడిట్ చేయకముందటి క్యాసెట్, యథాతథంగా వేస్తున్నామన్నారు. పెరడు, మంచం, మంచం మీద నేను. ముక్కుల్లో దూది, చెవుల్లో దూది. శవమన్నాక దూది పెట్టకపోతే ఎట్లా అని ఆరోజు మా అత్త పట్టుబట్టి తనే కుక్కింది. పత్తి ఊళ్లో దూదికి కరువా, గట్టిగానే కుక్కింది. కళ్లు మూసుకుని పడుకున్న నాకు ఆరోజు ఎండ తప్ప ఏమీ తెలియలేదు.

షాట్ అయిపోయింది. ఆయన కెమెరా ఆపడం మరిచిపోయి స్టూలు మీద పెట్టినట్టున్నాడు. తెర మీద నా పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. వెనకనుంచి మా అత్త గొంతు వచ్చింది.

"ఒరేయ్, దాన్ని ఇంకాసేపు అట్లాగే పడుకోనీరా. రాత్రి మళ్లా నా కల్లోకి పెళ్లికూతురై వచ్చింది."

"అందుకేగదమ్మా చంపుతున్నా. కల్లో సస్తే ఆయుష్షు పెరుగుద్దన్నావుగా."

"ఇది సినిమా గదరా. కల ఎట్లయిద్ది?"

"కల లాగే తీస్తాలే. చూసేవోడికి ఒక్క ముక్క అర్థంగాకుండా తీస్తే అది కలే."

కలలో పెళ్లి కనబడితే ఆ ఇంట్లో చావు, చావు కనబడితే ఆయుష్షు. మా వైపు పసిపిల్లలకి కూడా తెలిసిన మాట. తెర మీద నా పాదాలు కదిలాయి. నేను లేచి కూర్చుని చెవుల్లో దూది పీకేసి, ఏందీ ఏమనుకుంటున్నారు అని అడుగుతున్నాను. ఏం లేదే, యాక్టింగ్ బాగుంది అంటున్నాడు ఆయన.

దీపాలు వేశారు. అప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. చేయి మాత్రం దానంతటదే చెవి దగ్గరికి పోయి, తడిమి, కిందికి వచ్చింది. నన్ను చంపి చంపి బతికించుకున్నాడు ఆ పిచ్చిమనిషి. నేను ఆయన పక్కనే పడుకుని ఆయన్ని అనుమానించాను.

వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు. డైరెక్టర్ గారు తన సినిమాల్లో ఒక్కదాంట్లో కూడా ఎందుకు కనబడరు, ఒక్కసారన్నా ఆయన ఎందుకు చనిపోలేదు అని అడిగాడు.

"కెమెరా పట్టే ఇంకో మనిషి లేడు నాయనా" అన్నాను.

పిల్లలు తలలూపి రాసుకున్నారు. అత్తకి అప్పటికే చూపు ఆనేది కాదు. ఇంట్లో ఇంకో మనిషంటే నేనే. నేనేమో ప్రతిసారీ చచ్చి పడుకుని ఉన్నాను.