చెడ్డ వేళకే ఇల్లు చూపించే మనిషి

జనార్దనరావు గారు ఏ ఇల్లయినా సరే, అది అన్నిటికంటే అధ్వానంగా ఉండే వేళ చూసి మరీ చూపించేవారు. డాబా మీద గది అయితే మే నెల మిట్టమధ్యాహ్నం. ఎండ తగలని కింది అంతస్తు అయితే శీతాకాలం పొద్దున్నే, పొగమంచులో. పెళ్ళిళ్ళ హాలు పక్క ఇల్లయితే బ్యాండు మోగుతుండగా. ఢిల్లీలో ఇళ్ళ డీలర్లు వేలమంది ఉంటారు. ఇల్లు చూపించి వచ్చినవాళ్ళను పారిపోయేలా చేసే డీలరు మాత్రం ఆయనొక్కరే.

ఏదో మంత్రిత్వ శాఖలో లెక్కల ఫైళ్ళు మోసి మోసి, సరోజినీ నగర్ క్వార్టర్‌లో ముప్ఫై ఒక్కేళ్ళు కాపురముండి, రిటైరయ్యాక కటవారియా సరాయ్ మొదట్లో చిన్న షాపు పెట్టారు. ఇప్పుడక్కడ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. అప్పట్లో ఒక టేబులు, మూడు కుర్చీలు, గోడకు పెద్ద గడియారం ఉండేవి. వీధిలో మిగతా డీలర్లు ఆయనకు 'ఉల్టా రావ్' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"తిన్నగా చూపించేవాళ్ళు పాతికమంది ఉన్నారు కదండీ," అనేవారు. "తిరగేసి చూపించేవాడు కూడా ఒకడుండాలి."

ఆయన దగ్గరకు వచ్చేటప్పటికి ప్రవల్లిక ఆ పాతికమందిలో పధ్నాలుగు మందిని చూసేసింది. హనుమకొండ అమ్మాయి, గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ద్వారకలో అద్దిల్లు. భర్త రఘురామ్‌ను కంపెనీ ఏడాదిపాటు బెంగళూరు పంపింది. కూతురు శ్రీవల్లికి మూడున్నరేళ్ళు. పిల్లను చూసుకునే ఆయా మార్చిలో సొంతూరు వెళ్ళిపోతానంది. సాయంత్రం ఆరింటిదాకా పిల్లల్ని ఉంచుకునే స్కూలు ప్రవల్లికకు కటవారియా సరాయ్ దగ్గర ఒక్కటే దొరికింది. ఆ స్కూలువాళ్ళు నర్సరీ సీట్లిచ్చేది దూరాన్ని బట్టి. కిలోమీటరు లోపు ఇల్లుంటే ఎక్కువ మార్కులు. డిసెంబరు ఇరవై ఏడులోగా ఫారంతోపాటు రెంట్ అగ్రిమెంట్ ఇవ్వాలి. సీటు రాకపోతే ఉద్యోగం మానెయ్యడం తప్ప ఆమెకు దారి లేదు.

ఆ పధ్నాలుగు మంది డీలర్ల సంగతి చెప్పాలంటే, ఒకాయన ఫోన్లో పాలరాతి గచ్చు ఫొటో పంపించాడు. తీరా వెళితే గచ్చు సిమెంటు. ఇదేంటి భయ్యా అంటే "వో వాలా తో అభీ నికల్ గయా మేడమ్", అది ఇప్పుడే వేరేవాళ్ళకు పోయిందన్నాడు. ఇంకొకాయన "బస్, పాంచ్ మినట్" అని రెండు గంటలు రోడ్డు మీద నిలబెట్టాడు. మూడో ఆయన తాళం ఓనరు దగ్గరుందనీ, ఓనరు చండీగఢ్‌లో ఉన్నాడనీ చెప్పాడు. నాలుగో ఆయన ఒకే ఇంటికి ఐదు కుటుంబాలను ఒకేసారి తీసుకొచ్చి, ఎవరు ముందు ఊ అంటారా అని గుమ్మంలో నిలబడి చూశాడు.

అలాంటి ప్రవల్లికకు ఒక తెలుగు డీలరున్నాడని తెలిసి ప్రాణం లేచొచ్చింది.

"రేపు శనివారం పదకొండింటికి వస్త అంకుల్," అంది ఫోన్లో.

"పదకొండింటికి ఆ ఇల్లు బాగుంటుందమ్మా," అన్నారు జనార్దనరావు గారు.

"మంచిదే కదా."

"అందుకే వద్దు. ఆరు నలభైకి రండి."

ఆరు నలభైకి ఒక చేత్తో పాపను, ఒక చేత్తో బ్యాగును మోసుకుంటూ వచ్చింది. పొగమంచులో ఎదురుగా మంకీ క్యాప్ ఒకటి కనిపించింది. కాసేపటికి దానికింద జనార్దనరావు గారు కనిపించారు. కింది అంతస్తు ఇల్లు. లోపల చీకటి. ఆమె స్విచ్చు కోసం తడుముతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"లైటు వెయ్యకండి. సొంత వెలుతురెంతో చూడండి."

"ఏం కనిపిస్తలేదు అంకుల్."

"అంతేనమ్మా దీని వెలుతురు. ఫిబ్రవరి దాకా ఇంతే. ఆ కుళాయి నీళ్ళు ఓసారి ముట్టుకోండి."

ముట్టుకున్న చెయ్యి మధ్యాహ్నం దాకా ఆమె మాట వినలేదు.

రెండో ఇల్లు ఆదివారం సాయంత్రం, సందులో కూరగాయల బజారు పెట్టే వేళకు. మూడోది తెల్లవారుజామున అయిదింటికి, పక్కింటి నీళ్ళ మోటారు గోడను పట్టి ఊపేటప్పుడు. ఇంటింటికీ ఒక చెడ్డ గంట. ఆయనకవన్నీ కంఠతా వచ్చు. పంచాంగం చూసి మంచి ముహూర్తం పెట్టేవాళ్ళను ప్రవల్లిక ఎరుగును గానీ, చెడ్డ ముహూర్తం ఇంత శ్రద్ధగా వెతికే మనిషిని ఎక్కడా చూడలేదు.

అంతకుముందు వచ్చినవాళ్ళ కథలు ఆమెకు వీధి చివర టీ కొట్టులో జశ్వంత్ చెప్పాడు. సివిల్స్ రాసే కుర్రాడు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగు అయిపోయాక ఇటు మారాడు.

"నాకు డాబా మీద గది మే నెలలో చూపించాడక్కా. మధ్యాహ్నం రెండుంబావుకి. గోడ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. 'అంకుల్, దీని మీద దోసె వెయ్యొచ్చు' అన్నాను. 'అది చూపిద్దామనే పిలిచాను బాబూ' అన్నాడు."

"మరి పారిపోయినవా?"

"లేదు, అందులోనే ఉంటున్నా. మూడేళ్ళయింది."

"ఎట్ల ఉంటున్నవు?"

జశ్వంత్ టీ ఊదుకుంటూ, "ఎలాగో గడిచిపోతుందిలే అక్కా," అన్నాడు.

ఇంకో కొత్త జంటకు పెళ్ళిళ్ళ హాలు పక్క ఇల్లు చూపించారట. ఊరేగింపు సరిగ్గా కిటికీ కింద ఆగింది. వంటిల్లు ఎటని ఆ అమ్మాయి అరిస్తే, ఈయన రెండు చేతులూ పైకెత్తి చూపించారు. డాన్సు చేస్తున్నారనుకుని కింద పెళ్ళివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ జంట కూడా ఆ ఇల్లే తీసుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

ప్రవల్లికకు వింతగా తోచింది ఇదే. ఆయన చూపించిన ఇంటికి పదిమందిలో తొమ్మిదిమంది దండం పెట్టి పోతారు. ఆ మిగిలిన ఒక్కరూ చేరారంటే ఇక కదలరు. డీలరుకు ఇంతకంటే నష్టం లేదు, జనం ఖాళీ చేస్తుంటేనే కదా వాళ్ళకు పని. చెడ్డదని తెలిసి చేరిన ఇంట్లో మనుషులు అన్నేళ్ళు ఎందుకుంటారు? ఆఫీసు మీటింగుల్లో కూడా ఈ ప్రశ్న ఆమె బుర్రలో తిరిగేది.

ఆయనలో మరో తిక్క కూడా ఉండేది. ఉన్నట్టుండి మాయమయ్యేవారు. ఒకరోజు నాలుగో ఇల్లు చూస్తున్నారు. ప్రవల్లిక బాత్రూం తలుపు తీసి, "అంకుల్, గీజరు పనిచేస్తదా?" అనడిగింది. బయటికొచ్చి చూస్తే ఆయన చెప్పులేసుకుంటున్నారు.

"పావు తక్కువ ఆరయిందమ్మా. నాకు పనుంది. తాళం వేసి గార్డుకి ఇచ్చేయండి."

"ఏం పని అంకుల్?"

"పేపరు చదువుకోవాలి."

"పొద్దటి పేపరు ఇప్పుడా?"

"పొద్దున వార్తలు వేడిగా ఉంటాయి. సాయంత్రానికి చల్లారతాయి," అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

డిసెంబరు ఇరవై ఒకటి వచ్చింది. ఇక ఆరు రోజులే ఉన్నాయి. ప్రవల్లిక షాపులో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అంకుల్, ఆ స్కూలు వెనక సందుల రెండో అంతస్తు ఖాళీ ఉందట కదా. మీ చేతిలనే ఉందట. నాకెందుకు చూపించలేదు?"

"అది ఇప్పుడు చూపించేది కాదమ్మా."

"మరెప్పుడు?"

"జూలై మూడో వారం. వాన బాగా పట్టాక."

ఆమె బ్యాగులోంచి స్కూలు ఫారం తీసి టేబులు మీద పెట్టింది. "నా ఫారం డిసెంబర్ల ఇయ్యాలె అంకుల్."

"నిజమేననుకోండి. కానీ దానిమీద డాబా. చుక్క కారుతుందా, ధార కారుతుందా, ఏ మూల కారుతుందో మీకు చూపించకుండా ఎలా ఇచ్చేది? అది మోసం కాదూ?"

"కారినా పర్వాలేదు."

"ఇప్పుడు అలాగే అంటారు."

"జూలై నేనెక్కడ తేవాలె? నాకు మిగిలింది ఒక్క ఆదివారం. ఆ ఇల్లు రాకుంటే ఈ ఉద్యోగం పోతది. ఎనిమిదేళ్ళు చేసిన." కళ్ళు తుడుచుకుని, "మీరు చూపిస్తరా, చూపించరా?" అంది.

జనార్దనరావు గారు గోడ గడియారం వంక చూశారు. అందులో నెలలు లేవు. "ఆదివారం మధ్యాహ్నం రెండింటికి రండి. పాపకి మేజోళ్ళు వెయ్యండి," అన్నారు.

ఆదివారం ఆమె వెళ్ళేసరికి డాబా మీద జూలై నెల మొదలైపోయింది. జనార్దనరావు గారు పైన స్వెట్టరూ మంకీ క్యాపూ, కింద మోకాళ్ళదాకా మడిచిన ప్యాంటుతో చీలమండల్లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. నీళ్ళు పోయే తూముల్లో గుడ్డలు కుక్కారు. చేతిలో గొట్టం. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"అంకుల్, ఏం చేస్తున్నరు?"

"వాన కురిపిస్తున్నానమ్మా. మీరు కిందికెళ్ళి కప్పు చూస్తూ ఉండండి. నేనూ వస్తున్నాను."

ఖాళీ గదిలో ముగ్గురూ తలలెత్తి నిలబడ్డారు. పావుగంట గడిచింది. అరగంటయింది. పరీక్ష ఫలితాల కోసం కూడా ప్రవల్లిక ఇంత ఆత్రంగా చూడలేదు. కారకూడదని ఆమె ప్రార్థన. కారకుండా ఎలా ఉంటుందని ఆయన పట్టుదల.

"డ్రిప్," అంది శ్రీవల్లి, వేలెత్తి చూపిస్తూ.

ఉత్తరం మూల చుక్క ఒకటి ఉబ్బి, ఊగి, నేలమీద పడింది.

"హమ్మయ్య," అన్నారు జనార్దనరావు గారు. "చూశారా? ఇక్కడే, ఈ ఒక్క మూలే. చుక్కే, ధార కాదు."

అంతలో మెట్ల మీద అడుగులు దడదడలాడాయి. కింది అంతస్తులో ఉండే మైథిలి చేతిలో తడిసిన దూది రజాయితో ఊడిపడింది. విజయనగరం ఆవిడ. భర్త ఆర్మీలో సరిహద్దు దగ్గరున్నాడు. కంటోన్మెంటులో క్వార్టర్ వంతు రాక మూడేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంటోంది.

"ఏటిది? డిసెంబర్లో వానేటి? బాల్కనీలో ఎండకేసిన రజాయంతా..." అని ఆగిపోయింది. "అంకుల్, మీరా?"

"ఇల్లు చూపిస్తున్నానమ్మా," అన్నారు ఆయన తలొంచుకుని.

"చెప్పొచ్చు కదా, తీసీదాన్ని." కోపం ఎటు పోయిందో తెలియలేదు. "ఆ తడి కాళ్ళేటి? టీ పెడతాను, కిందికి రండి."

ఆయన టైము చూసుకున్నారు. తూముల గుడ్డలు తీసేసి వస్తానని డాబా మీదికి వెళ్ళిపోయారు. ప్రవల్లిక ఆగలేకపోయింది.

"అక్కా, ఆ అంకుల్ ఎందుకిట్ల చేస్తడు? మీకు ఏ టైమ్‌ల చూపించిండు?"

"సాయంత్రం ఆరింటికి. ఈ సందు మొదట్లో మందు షాపుంది చూశావా, ఆ టైముకి గుంపు. నేను ట్యూషన్ చెప్పి బాబుని తీసుకుని సరిగ్గా అప్పుడే వస్తాను. 'అమ్మా, ఈ ఇంటికి ఇదే చెడ్డ గంట' అన్నారు. వేరే గతి లేక చేరాను." మైథిలి రజాయి పిండుతూ నవ్వింది. "చేరిన మర్నాడు ఆరింటికి వస్తే, ఈయన కింద మెట్టు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. మా తలుపు పడ్డాక లేచి వెళ్ళిపోయారు. మూడేళ్ళు. రోజూ అదే మెట్టు. ఏం అంకుల్ అంటే, ఇక్కడ గాలి బాగుంటుందంటారు. జనవరిలో."

ప్రవల్లిక రజాయి రెండో కొస పట్టుకుని పిండుతుంటే మైథిలి చెప్పుకుపోయింది.

"ఆ డాబా గది కుర్రాడు లేడూ, మే నెల వస్తే మధ్యాహ్నాలు ఆయన షాపులోనే కూలర్ ముందు చదువుకుంటాడు. లెక్కల్లో సాయం కావాలని పిలుస్తారట. ఆయనకి లెక్కల్లో సాయమేటి, ముప్ఫై ఏళ్ళు అదే ఉద్యోగం. పెళ్ళిళ్ళ హాలు పక్క వాళ్ళ పసిబిడ్డయితే సీజనంతా నిద్రపోయేది ఈయనింట్లోనే."

"మరి కారే ఇండ్లకు?"

మైథిలి గొంతు తగ్గించింది. "అవి పదకొండు. అందుకే జూలైలో ఊరు కదలరు. బాపట్లలో వాళ్ళక్క ఏటా రమ్మంటుంది. సొంత మేనల్లుడి పెళ్ళి జూలైలో పెడితే దానికీ వెళ్ళలేదు. వాన పడిందంటే బకెట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి కదా."

జనార్దనరావు గారు మెట్లు దిగి వచ్చారు. చలికి ముక్కు ఎర్రబడింది. ఇద్దరి మొహాలూ చూసి, ఏదో దొంగతనం బయటపడ్డట్టు గొంతు సవరించుకున్నారు.

"ఆలోచించుకోండమ్మా. ఉత్తరం మూల కారుతుంది. నన్నడిగితే వద్దనే అంటాను."

"తీసుకుంటున్న అంకుల్."

"జూలైలో ఇబ్బంది పడతారు."

"పడను," అంది ప్రవల్లిక. ఆ మాట ఎంత ధీమాగా అందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఇరవై ఆరున అగ్రిమెంటు అయింది. ఇరవై ఏడున ఫారం ఇచ్చారు. జనవరి లిస్టులో శ్రీవల్లి పేరు వచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకుని తల్లీకూతుళ్ళు షాపుకి వెళ్ళేసరికి జనార్దనరావు గారు ఫోన్లో వాళ్ళక్కతో మాట్లాడుతున్నారు. ఈ ఏడన్నా జూలైలో వచ్చి పది రోజులుండమని ఆవిడ కాబోలు గట్టిగా పట్టుబడుతోంది.

"అస్సలు కుదరదక్కా," అంటున్నారాయన, గొంతులో దిగులు తెచ్చిపెట్టుకుని. "ఈ ఏడు ఇంకో ఇల్లు పెరిగింది."