పక్కింటి పొయ్యి మీద ఏముంది

నేను డైటీషియన్ కావాలనుకున్నది జనానికి సేవ చేద్దామని కాదు. టీచర్ ట్రైనింగ్ తప్పించుకోవడానికి. ఆసుపత్రిలో నా గది బయట కూర్చునే షుగర్ పేషెంట్లకు ఈ సంగతి తెలిస్తే నా మాట వినడం మానేస్తారేమో. ఇప్పుడూ వినరు కాబట్టి నష్టమేం లేదు.

ఎనభైల చివర్లో, తెలుగు నేతగాళ్ళుండే షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో, ఆడపిల్ల చదివిందంటే టీచరమ్మ కావాల్సిందే. మగ్గాల చప్పుడులో పెరిగిన మాకు మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది కాబట్టి క్లాసును అదుపులో పెట్టడానికి మేమే తగినవాళ్ళమని మా నాయన సిద్ధాంతం. ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో దుప్పట్లు నేసేవాడు. నేను హోమ్ సైన్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. అది కాగానే బొంబాయిలో ఏడాదిపాటు డైటెటిక్స్ డిప్లొమా చేస్తానని చెప్పేసరికి ఆయన చేతిలో జొన్నరొట్టె ముక్క అట్లాగే ఆగిపోయింది.

“తినుడు నేర్పెతందుకు గూడ సదువా? తిననీకి ఉండాలె గాని, తినుడు ఎవనికి రాదే?”

“నీకే రాదు నాయినా. ఉప్పు ఎంత అద్దుకుంటున్నవో సూడు.”

“సూసినవా? గీ నోటికి టీచరమ్మ నౌకరీయే మంచిగుంటది.”

వారం రోజులు వాదించుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. డిప్లొమా సీటుకు మా కాలేజీ మేడం సిఫారసు ఉత్తరం కావాలి. “మేడం చిట్టీ రాస్తె బొంబాయి పో. రాయకుంటె నోరు మూస్కోని ట్రైనింగ్‌ల చేరు,” అన్నాడు నాయన. మేడం కూడా ఒక్క షరతే పెట్టింది. పది ఇళ్ళలో మూడు రోజులపాటు ఎవరు ఏం తిన్నారో, ఎంత తిన్నారో సర్వే చేసి తేవాలి. అది బాగుంటే ఉత్తరం రాస్తుంది.

ఇంతేనా అనుకున్నాను. మా వాడాలో నడుమ ఒక నల్లా, దాని చుట్టూ సరిగ్గా పది ఇళ్ళు. మొదటి ఇల్లు మాదే కదా, ఎవరినీ అడక్కుండానే రాసేశాను. నాయనకు ఇన్ని రొట్టెలు, తమ్ముళ్ళకు ఇన్ని, నాకు మూడు, మా అవ్వకూ మూడు. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. తర్వాత పక్కింటి చిన్నమ్మ దగ్గరికి వెళ్ళాను. చుట్టం కాదు, పిలుపుకే చిన్నమ్మ. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

“నిన్న పొద్దుగాల ఏం తిన్నరు చిన్నమ్మా?”

“రాస్కో. పోరగాండ్లకు తలా ఒక గుడ్డు, గిలాసెడు పాలు. నేను ఉప్మా చేసుకున్న, కాజు ఏసి.”

“నెయ్యి?”

“నెయ్యి లేకుంట ముద్ద దిగుతదా బిడ్డా?”

ఆమె గడప దగ్గర గుడ్డు పెంకు నేనెన్నడూ చూడలేదు. అయినా ఇల్లాలు చెప్పింది చెప్పినట్టు రాయాలని పాఠంలో ఉంది కాబట్టి రాశాను. తొమ్మిది ఇళ్ళలోనూ నెయ్యి పారింది. ఒకామె అయితే ఏ పండగా లేని మంగళవారం పూట పెరుగూ చక్కెరా కలిపిన శ్రీఖండ్ తిన్నానంది.

మేడం నాలుగు పేజీలు తిప్పి కళ్ళజోడు తీసింది. “మీ వాడాలో గది ఏదైనా ఖాళీ ఉందా? నేనూ వచ్చి ఉంటాను,” అంది మరాఠీలో. నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. “వారం ఇస్తున్నాను. మళ్ళీ ఇదే తెస్తే ఉత్తరం సంగతి మర్చిపో.”

ఒళ్ళు మండిపోయింది. నేరుగా చిన్నమ్మ ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

“అబద్ధాలెందుకు చెప్పినవ్? నా సీటు పోయేతట్టుంది.”

“మరేం చెప్పాలె? మేము జొన్నగట్క తాగి బతుకుతమని మీ కాలేజ్‌ల అందరు సదువుకోవాల్నా? మాకు ఇజ్జత్ లేదా?” అంటూ బీడీకి దారం బిగించింది. అంతటితో ఊరుకుంటే ఆమె చిన్నమ్మ ఎందుకవుతుంది! “అయినా నన్నొక్కదాన్నే అంటవేందే? మూలింటామె శ్రీఖండ్ తిన్నదట! నిన్న పగటీలి చాయ్‌ల రొట్టె ముంచుకోని తిన్నది. నేను సూడలేదా?”

నేను పోట్లాట ఆపేసి, కొత్త పేజీ తిప్పి, కింద కూర్చున్నాను.

“ఎన్ని రొట్టెలు?”

“ఒకటిన్నర. సగం చిన్నపోరనికి ఇచ్చింది.”

ఆ వారమంతా నేను ఎవరి ఇంటి సంగతీ వాళ్ళను అడగలేదు. మూలింటామె గురించి చిన్నమ్మనూ, చిన్నమ్మ గురించి ఎదురింటి అత్తనూ అడిగాను. ప్రతి ఇంటికీ ఇద్దరు సాక్షులు. ఒకరి మాట ఇంకొకరికి తెలియదు, కానీ రెండు లెక్కలూ గరిటె తేడా లేకుండా కలిశాయి. కలవక ఎక్కడికి పోతాయి? అందరూ పొద్దంతా ఒకే అరుగు మీద బీడీలు చుడతారు, ఒకే నల్లా దగ్గర గిన్నెలు తోముతారు. పప్పు గిన్నె ఏదో, ఉత్త కారం రుద్దిన పళ్ళెం ఏదో దాచిపెట్టడం ఎవరి తరం? ఏ పోపులో నూనె తక్కువైందో గోడ అవతల నుంచే చెప్పేవారు. అదీ ఎంత సంతోషంగా!

తొమ్మిది ఇళ్ళు అయ్యాయి. మా ఇంటి గురించి కూడా అడగాల్సి వచ్చింది. చిన్నమ్మ చుడుతున్న బీడీని చాటలో పెట్టేసింది.

“నువ్వు రాసిందే ఉంచరాదా?”

“చెప్పు చిన్నమ్మా.”

“ఏముంది? మీ అవ్వ పొద్దుగాల చాయ్ తాగుతది, పగటీలి చాయ్ తాగుతది. మీరంత తిన్నంక గిన్నె అడుగున ఏమన్న ఉంటె ఉన్నది, లేకుంటె లేదు. నీ డబ్బల మూడు రొట్టెలు పెడ్తది గద, మూడోది ఎవరిదనుకున్నవ్?”

అబద్ధమని గట్టిగా వాదించాను. రుజువు చేద్దామని, నూలు తూచే చిన్న తరాజును కార్ఖానా నుంచి తెప్పించుకుని పొయ్యి పక్కన కూర్చున్నాను. అవ్వ మొదటిరోజు నన్ను నల్లా దగ్గరికి పంపించి, నేనొచ్చేలోపు తినేశానంది. రెండోరోజు నేను కదల్లేదు.

“తినేటిది తూకమేస్తవా? నేనేమన్న నూలు కండెనా?”

“పెట్టు అవ్వా, ఈ తరాజుల పెట్టు.”

ఒక రొట్టె, చెంచాడు పల్లీల కారం. తరాజు కిందికి దిగడానికి కూడా కాస్త ఆలోచించింది. షిఫ్టు దిగి వచ్చిన నాయన మంచం మీద నుంచి చూస్తూ ఉన్నాడు. లేచి వచ్చి డబ్బాలోంచి ఇంకో రొట్టె తీసి తరాజులో వేశాడు.

“ఇగ సూడుండ్రి, తండ్రీ బిడ్డా కల్సి నన్ను బర్రెను మేపినట్టు మేపుతున్నరు!” అని అవ్వ వాడా అంతా వినబడేట్టు అరిచింది. తిన్నది మాత్రం ఒకటే. రెండోది తమ్ముడికి ఇచ్చింది. అదీ రాశాను.

మేడం కొత్త నోటుబుక్కు చదివి మళ్ళీ కళ్ళజోడు తీసింది. “పక్కింటివాళ్ళను అడగమని ఏ పుస్తకంలో ఉంది?”

“పుస్తకంలో ఇల్లాలికి పక్కిల్లు లేదు మేడం. మా దగ్గర ఉంది,” అన్నాను. అనేశాక భయమేసింది. ఆమె మా ఇంటి పేజీ దగ్గర ఆగింది. పాత నోటుబుక్కులో అదే పేజీ తీసి రెండూ పక్కపక్కన పెట్టుకుంది. “ఇది నువ్వు అడక్కుండా రాసింది కదూ?” అంది. అవునన్నాను. కాగితం తీసుకుని అక్కడే ఉత్తరం రాసింది.

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. నాయన చేతులు కడుక్కుని వచ్చి దాన్ని పట్టుకున్నాడు.

“ఏం రాసిందే?”

“తెలివైంది, మొండిది, ఎదురు మాట్లాడ్తది అని రాసింది.”

“తెలివి సంగతేమో గాని, కడ్మ రెండు ముచ్చట్లు నన్నడిగినా రాసిస్తుంటి గదా!” అని మడత నలక్కుండా తిరిగి ఇచ్చాడు. “బొంబాయి ఎన్నడు పోవాలె?”

ఆ రోజు నుంచి మా అవ్వ కడుపునిండా తిన్నదని రాశాననుకోండి, అది మొదటి నోటుబుక్కులోకి వెళ్ళాల్సిన రాత. తినలేదు. రైలెక్కేరోజు కూడా ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా దీని గురించే పోట్లాడుకున్నాం. పాలు తాగమని నేను, నాకు చెప్పేంతదానివైనవా అని ఆమె. పాలలో ఏమేం ఉంటాయో ఒక్కొక్కటీ కిటికీలోంచి చెబుతూనే ఉన్నాను. కాల్షియం దగ్గరికి వచ్చేసరికి బండి కదిలింది. “నీ డబ్బల మూడు రొట్టెలున్నయ్, తిను!” అని అవ్వ అరిచింది. చివరి మాట ఆమెదే అయింది.