ఏడు రోజులను రెండని చెప్పాను

మా పిల్లి మల్లి చెవుల లోపల పసుపు తిరగడం మొదట చూసింది నా భార్య సరళ. యానాంలో వాళ్లమ్మకు ఆపరేషన్ అయితే తోడుండి, ఆ ఉదయమే పుదుచ్చేరి తిరిగొచ్చింది. సంచి కూడా దించకుండా పిల్లి చెవి మడిచి నాకు చూపించింది. తెల్లపిల్లి కావడంతో ఆ రంగు స్పష్టంగా కనిపించింది.

అది తినడం మానేసి అప్పటికే వారం. రోజూ ఫోన్‌లో "తిందా అండీ?" అని సరళ అడిగితే "తింది" అనేవాణ్ణి. ఆమెను కంగారు పెట్టడమెందుకులే అనుకున్నాను గానీ, అసలు కారణం నా బద్ధకం. మా ఇళ్లలో ఒంట్లో బాగాలేకపోతే లంఖణం పెడతారు. బొద్దుగా ఉన్న పిల్లికీ అది మంచిదేనని సర్దిచెప్పుకున్నాను. తరాలుగా ముదలియార్‌పేటలోనే ఉంటున్న, మాకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ మూడో రోజే హెచ్చరించింది. "ఏంది తంబీ, గిన్నె యాడ పెట్టినావో ఆడనే ఉండాది. ఆ నోరులేని దాన్ని కొంచెం చూడు." చూస్తానన్నాను. చూడలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ స్కాన్, రక్తపరీక్షలు చేసి హెపాటిక్ లిపిడోసిస్ అన్నారు. పిల్లి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు లివర్‌లో పేరుకుపోతుందట. లావు పిల్లులకు మరీ ప్రమాదమట. తిండే దీనికి మందు, మెడ పక్కనుంచి ఫీడింగ్ ట్యూబ్ వేయాలన్నారు.

"తిని ఎన్నాళ్లయింది?" అని అడిగారు.

సరళ నా పక్కనే ఉంది. "రెండ్రోజులు," అన్నాను.

ఆ మాటను బట్టే ఎంత తిండి పెట్టాలో నిర్ణయించారు. మర్నాటికి మల్లి తల ఎత్తలేకపోయింది. గడ్డం ఛాతీకి ఆనుకుపోయింది. మూత్రం ఎర్రగా వచ్చింది. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం బాగా పడిపోయాయి. డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టి నా వైపు చూశారు.

"ఇది రీఫీడింగ్ సిండ్రోమ్. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి అందితే ఇలా అవుతుంది. నిజం చెప్పండి, ఎన్ని రోజులు?"

"ఏడు."

సరళ లేచి వరండాలోకి వెళ్లి నిలబడింది.

తిండి బాగా తగ్గించి, డ్రిప్‌లో ఫాస్ఫరస్, పొటాషియం ఎక్కించారు. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు. గడిచాయి. ఇంటికొచ్చాక ఆరు వారాలు ట్యూబ్‌తోనే. పలచగా కలిపిన తిండిని గోరువెచ్చగా, సిరంజితో పావుగంట పాటు మెల్లగా ఇవ్వాలి. ఆఫీసుకు ఆలస్యమవుతోందని ఒకసారి గబగబా తోశాను, మొత్తం కక్కేసింది. ఆ తర్వాత ట్యూబ్ చుట్టూ చీము పట్టింది. రోజూ శుభ్రం చేసి కట్టు మార్చడం నేనే తీసుకున్నాను. చివరికి ఒక మధ్యాహ్నం, ఇంటావిడ తెచ్చిన ఉడికించిన చేపముక్కను మల్లి తనంత తానే నాకింది.

ఇప్పుడు మల్లి బాగుంది. నేను మారానో లేదో సరళే చెప్పాలి. ఆ తర్వాత యానాం వెళ్లినప్పుడు పిల్లి తిందో లేదో ఇంటావిడకు ఫోన్ చేసి కనుక్కునేది. నాకు కోపం రాలేదు.

నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ పిల్లి గిన్నె ముట్టని రోజున క్యాలెండర్‌లో ఆ తేదీ మీద చుక్క పెట్టండి. ఒక రోజు దాటితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎన్నాళ్లని అడిగితే, పక్కన ఎవరున్నా సరే, ఆ చుక్క నుంచే చెప్పండి.

పోయిన నెల సరళ యానాం నుంచి నాకే ఫోన్ చేసింది.

"తిందా అండీ?"

"సగమే తింది."

"సరే, సాయంత్రం మళ్లీ పెట్టి చూడండి," అంది.

ఆ రోజు ఇంటావిడకు ఫోన్ రాలేదు.