పత్తి గదిలో రికార్డింగు

నాకు పాడటం వచ్చు. కాకపోతే గదిలో నేను తప్ప ఇంకెవరూ ఉండకూడదు. పిల్లి కూర్చుని చూస్తున్నా నా గొంతు పెగలదు. ఇంటర్ పాసై, పై చదువుకు నన్ను నరసరావుపేట పంపాలా వద్దా అని ఇంట్లో తేలని రోజులవి. డైరీ రాసుకుంటూ, లైబ్రరీ నవలల్లో తల దూర్చి, వీధి తలుపు చప్పుడైతే వంటింట్లోకి మాయమవుతూ బతికేదాన్ని.

ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో మా వీధి ఆడవాళ్లు కోలాటం వెయ్యాలనుకున్నారు. పై వీధి వాళ్లు ఏటా వేస్తారు. మా వాళ్లకి అదే మొదటిసారి. జట్టుకి పెద్ద మా ఎదురింటి పిన్ని. నేను స్నానాల గదిలో పాడుకునే పాటలు గోడ మీదుగా ఆమె చెవిన పడ్డట్టున్నాయి. ఒకరోజు నేరుగా వంటింట్లోకే వచ్చేసింది.

“ఏమే, పాటలు గూడా రాస్తావంట గదా. మాకొకటి రాసి, నడిమధ్యన నిలబడి పాడు.”

నడిమధ్యన అనగానే ఒక అడుగు వెనక్కి వేశాను. “రాస్తాను పిన్నీ. టేపులో పాడి ఇస్తాను. అది పెట్టుకుని ఆడండి.”

“మనిషిని ఎదురుగా పెట్టుకుని టేపెందుకే? మేమేమన్నా పులులమా?”

“దాని సంగతి నీకు తెలవదులే,” అంది మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి. “పెళ్లిలో అక్షింతలు గూడా అందరి వెనక నుంచి విసిరి పారిపోయిద్ది.”

నా కోరిక మాత్రం చిన్నదేం కాదు. నా పాట ఊరంతా వినాలి. నేను మాత్రం ఎవరికీ కనపడకూడదు.

మా ఇంట్లో ఉన్న టేపురికార్డరు ఎవరో రిపేరుకిచ్చి, మళ్లీ తీసుకెళ్లకుండా వదిలేసినది. పేట బజారులో రిపేరు కొట్టు సాయిబు దాన్ని మా నాన్నకు చవగ్గా ఇచ్చేశాడు. క్యాసెట్ పెట్టే చోట మూత లేదు. “మూత లేదని బాధపడమాకండి, లోపల తిరిగేది చక్కగా కనపడుద్ది,” అన్నాడట. క్యాసెట్ ఎగిరి పడకుండా నేను నా జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండు బిగించాను. ఖాళీ క్యాసెట్ కొనడం దండగ అనిపించి, మా నాన్న వినడం మానేసిన పాత పాటల క్యాసెట్ తీశాను. అలాంటి వాటి మీద రికార్డు బటన్ దిగదు. వెనక ఉండే చిన్న గంటులో కాయితం ఉండచుట్టి కుక్కితే దిగుతుంది. అది కనిపెట్టిన రోజు డైరీలో నన్ను నేను ఇంజనీరు అని రాసుకున్నాను.

ముందు గదిలో కూర్చుని, రెండు బటన్లూ కలిపి నొక్కి, కళ్లు మూసుకుని పాడాను. రెండో చరణం అయ్యేసరికి మా అమ్మ అరుపు: “ఏమే, పాలు పొంగుతున్నయ్యే! చెవుల్లో పత్తి పెట్టుకున్నావా ఏంది!” కళ్లు మూసుకుని అంత తన్మయంలో ఉన్నాను కాబట్టి ఆపకుండా చివరిదాకా పాడేశాను. తర్వాత వింటే నా గొంతు కంటే మా అమ్మ గొంతే స్పష్టంగా ఉంది. మళ్లీ పాడదామంటే పిన్ని ఆగలేదు. “ఏదో ఒకటిలే, నేర్చుకోటానికి చాల్లే,” అంటూ టేపురికార్డరుతో సహా పట్టుకుపోయింది.

రోజూ సాయంత్రం పిన్ని వాకిట్లో కోలాటం నేర్చుకునేవాళ్లు. నేను మా తలుపు చాటున నిలబడి వినేదాన్ని. వినడమే కానీ చూడలేదు. చూడాలంటే బయటికి రావాలి కదా. మా అమ్మ అరుపు వచ్చే చోట రోజూ ఒకటే నవ్వులు, ధబధబా అడుగులు, కోలల చప్పుడు జోరందుకునేది. ఎగతాళి చేస్తున్నారనుకుని నా చెవులు కాలిపోయేవి. ఆ అరుపు లేని పాట ఇచ్చి తీరాలనుకున్నాను.

నేర్చుకోవడం అయిపోయి, నవమి ముందు రోజు టేపు మా ఇంటికి తిరిగొచ్చింది. రేటు పెరుగుతుందని మా నాన్న అమ్మకుండా ఆపిన పత్తి పక్కగదిలో నిట్టాడు స్తంభం అంత ఎత్తున పోసి ఉంది. ఆ గదిలో మాట్లాడితే మాట నోటి దగ్గరే ఆగిపోయినట్టుంటుంది. బయటి గేదె అరుపు కూడా లోపలికి రాదు. మోటారు రొద పడకుండా టేపురికార్డరును దిండు మీద పెట్టి, నడుం దాకా పత్తిలో కూరుకుపోయి పాడాను. ఇంట్లో క్యాసెట్ అదొక్కటే, కాబట్టి పాత పాట మీదే ఎక్కించాను. చివరి చరణం కాగానే బటన్ ఆపి, అప్పటిదాకా ఆపుకున్న తుమ్ములన్నీ తుమ్మాను. జుట్టంతా దూదితో బయటికి వచ్చాను.

“పత్తికి పాటలు వినిపించావా?” అంది అమ్మ. “నీ పాటకి రేటేమన్నా పెరిగిద్దా?”

పిన్నికి చెప్పాను, మళ్లీ పాడితే ఇది బాగా వచ్చిందని. “పాట అదేగా,” అంది. అదే అన్నాను.

మర్నాడు మైకుసెట్టు అతను మా టేపురికార్డరు ముందు మైకు పెట్టాడు. రబ్బరు బ్యాండు కిటుకు నాకే తెలుసు కాబట్టి నన్ను పందిరి గుడ్డ వెనక దాని పక్కనే కూర్చోబెట్టారు. గుడ్డ అడ్డం ఉంది కదా అని ఒప్పుకున్నాను. పాట మొదలైంది. నా గొంతు ఊరి మీద తేటగా పరుచుకుంటుంటే, ఎవరూ చూడట్లేదు కాబట్టి నేను ధైర్యంగా మురిసిపోయాను.

రెండో చరణం అయింది. అప్పటిదాకా తాళంలో పడ్డ కోలలు ఒక్కసారిగా గందరగోళమయ్యాయి. “అబ్బా, నా వేలే!” అని ఎవరో అరిచారు. కోలాటం ఆగిపోయింది. పై వీధి వాళ్లు నవ్వుతున్నారు. పిన్ని గుడ్డ ఎత్తి వాసం మీదికి విసిరేసింది. ఊరంతా నాకు కనపడింది. ఊరికి నేనూ కనపడ్డాను.

“పాటలో మీ అమ్మేదే?” అంది రొప్పుతూ.

“నేనిక్కడే ఉన్నా గదా!” అని మా అమ్మ ఎక్కడో వెనక, పానకం దగ్గర నుంచి బదులిచ్చింది.

“పాలు పొంగాలి గదే అక్కడ! ఆ కేకకి గదా మేం వెనక్కి తిరిగేది!”

అప్పుడు అర్థమైంది. లోపలి వరస, బయటి వరస ఒకేసారి వెనక్కి తిరగడానికి వాళ్లు మా అమ్మ అరుపునే గుర్తుగా పెట్టుకున్నారు. నేను ఎగతాళి అనుకున్న నవ్వులు, ఆ తిరుగుడు కుదిరినందుకు. తలుపు చాటు నుంచి ఒక్కసారి తొంగి చూసినా తెలిసేది.

“మొదటి నుంచి పెట్టు,” అంది పిన్ని. “ఆ చోటు నీకు తెలుసు గదా. నువ్వే కేకెయ్యి.”

“అమ్మని పిలవండి...”

“ఆమెకేం తెలుసే ఎక్కడ అరవాలో! మొదటేడే పరువు పోయిందంటే మళ్లీ మనకి పందిట్లో చోటివ్వరు.”

టేపు వెనక్కి తిప్పాను. పాట మొదలైంది. ఒక్కో చరణం దాటుతుంటే ఉరికంబం మెట్లెక్కుతున్నట్టుంది. రెండోది అయిపోయింది. కళ్లు మూసుకుని మైకు దగ్గరికి వంగి అరిచాను: “ఏమే, పాలు పొంగుతున్నయ్యే! చెవుల్లో పత్తి పెట్టుకున్నావా ఏంది!”

కోలలన్నీ ఒక్క దెబ్బగా మోగాయి. రెండు వరసలూ గిర్రున వెనక్కి తిరిగాయి. పందిట్లో ఈలలు, చప్పట్లు. “నేనట్టా అరుస్తానా ఏంది?” అని మా అమ్మ అడుగుతుంటే, చుట్టుపక్కల వాళ్లందరూ అట్టాగే అరుస్తావన్నారు.

మర్నాడు పంపు దగ్గర బిందె పెట్టాను. వెనక నిలబడ్డ పై వీధి ఆవిడ నా వంక చూసి నవ్వింది.

“నీ అరుపు అచ్చం మీ అమ్మేనే! ఆ పాట గూడా చానా బాగుంది. ఏ కొట్లో కొన్నారే ఆ క్యాసెట్?”

నేను కోరుకున్నది అక్షరాలా జరిగింది. పాట ఊరంతా విన్నారు, అందులో నేను ఎవరికీ కనపడలేదు. ఇంతకాలం నేను కోరుకున్నది ఇంత చప్పగా ఉంటుందనుకోలేదు.

“అది నేను రాసి పాడింది,” అన్నాను.

బిందెలో నీళ్ల చప్పుడు. “ఏందీ?” అంది ఆవిడ.

రెండోసారి పాలు పొంగే గొంతుతో చెప్పాను.